వెట్టి కబురు

మన దేశంలో వెట్టి ఒకసారి కాదు, మూడుసార్లు రద్దయింది. తెల్లదొరల కాలంలో ఒకసారి, రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఒకసారి, ఎమర్జెన్సీ రోజుల్లో మరోసారి. ఒకదాన్ని ఇన్నిసార్లు చంపాల్సి వచ్చిందంటే అదెంత మొండిదో మీరే ఆలోచించుకోండి. ఆ మూడోసారి మాత్రం తనకల్లు పక్కనున్న మా బోడిగుట్టపల్లి దాకా జీపు వచ్చింది. ఆఫీసరు బడి ముందర నిలబడి, ఇకమీదట ఎవరైనా మనిషి చేత వెట్టి చేయిస్తే జైలేనని కాగితం చూసి చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆయన ఊరి భూస్వాముల పెద్దింట్లో కోడికూర తిన్నాడు. ఆ పొయ్యికి కట్టెలు కొట్టి, ఆయన జీపు కడిగినవాడు నల్లప్ప. కూలీ ఇచ్చారా అని మాత్రం నన్నడక్కండి, నాకు సిగ్గు.

నల్లప్పది మాదిగ గేరి, ఊరికి ఎడంగా ఉన్న వాడ. తాతల నాటి నుంచి వాళ్లింటికి ఒక పని అంటుకుని ఉంది. పెద్దింట్లో ఎవరైనా పోతే ఆ చావు కబురు బంధువుల ఊళ్లకు మోసుకుపోవాలి. వాళ్ల గడప ముందర చెప్పులు విడిచి, తలమీది తువ్వాలు తీసి నిలబడి, ఫలానావాళ్లు పోయినారు, మట్టికి రావల్ల అని చెప్పాలి. ఆ మాట చెవిన పడ్డాకే ఆ ఇంటి ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకుంటారు. అప్పుడు చాటతో గింజలు తెచ్చి తువ్వాల్లో పోస్తారు. దోసిట్లో నీళ్లు పోస్తారు. జీతమూ అదే, బత్తెమూ అదే.

పాతకాలంలో ఫోన్లు లేవు కాబట్టి ఎవరో ఒకరు పోవాలి కదా అంటారు మీరు. సరే, ఒప్పుకున్నాను. ఇప్పుడున్నాయి కదా మరి! శవం చల్లారకముందే ఫోటోకు దండ తగిలించి వాట్సాప్‌లో పెడుతున్నారు. అయినా సరే, మనిషి పోవాలి. కబురు అందక కాదు, కబురు ఎప్పుడో అందింది. తమ గడప ముందర చెప్పులు విడిచి నిలబడేవాడు ఇంకా ఉన్నాడా లేడా అని చూసుకోవడానికి పోవాలి. పని ఉంది కాబట్టి బానిస కావాల్సి వచ్చాడని మనం అనుకుంటాం. వట్టి మాట. పని లేకపోయినా వాళ్లకు వాడు కావాలి.

ఈ వెట్టికి ఇంకో మెలిక ఉంది. గడప ముందర ఎవడు నోరు తెరిచి కబురు చెప్పి గింజలకు తువ్వాలు పడతాడో, ఆనాటి నుంచి వెట్టి వాడి మీద నిలుస్తుంది. వాడు పోయేదాకా, లేదా వాడికి బదులు ఇంకొకడు నోరు తెరిచేదాకా వాడిదే. నల్లప్ప మీసాలు రాని వయసులో వాళ్ల నాయనకు జ్వరం తగిలితే, ఒక్క పూటకే గదా అని బదులు పోయాడు. ఆ ఒక్క పూట అయిపోయేసరికి ఆయనకు తల నెరిసింది.

అందుకే కొడుకు పుట్టగానే ఒట్టు పెట్టుకున్నాడు. ఇది నాతో సరి, వీడి దాకా రాకూడదు అని. పిల్లవాడు పాలు మరవగానే కదిరిలో వాళ్ల పిన్నమ్మ ఇంట్లో వదిలాడు. అక్కడి చర్చిలో వాడికి ఇమ్మానుయేలు అని పేరు పెట్టారు. వాడు హాస్టల్లో చదివాడు, మెకానిక్ షెడ్డులో పని నేర్చాడు, ఆటో కొన్నాడు, రెబెకాను చేసుకున్నాడు. పండక్కి ఊరికొస్తానంటే కూడా నల్లప్ప వద్దనేవాడు, తనే కదిరికి పోయి చూసి వచ్చేవాడు. ఒకసారి ఆ చర్చిలో పాస్టరుగారు ఇగుప్తు కథ చెప్పారు. అక్కడి రాజు ఫరో దగ్గర బానిసలుగా ఉన్న జనాన్ని దేవుడు సముద్రం దాటించాడన్నారు. నల్లప్ప అంతా విని లేచి, "మంచిదే గాని సామీ, ఆయప్ప ఇంట్లో పీనుగ లేసినప్పుడు కబురు ఎవరు మోసినారు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నల్లప్ప నవ్వలేదు, ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఇదంతా బాగానే జరిగేది. కానీ పోయిన ఎండాకాలంలో నల్లప్పకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. తల్లి అంతకుముందే పోయింది, చూసేవాళ్లు లేక ఇమ్మానుయేలు పెళ్లాంతో, ఆటోతో ఊరికి వచ్చేశాడు. వద్దురా, నన్ను ఈడనే సావనీ, నువ్వు కదిరికి పో అని ముసలివాడు మంచం మీద నుంచి తిట్టని రోజు లేదు. చాదస్తం అనుకున్నారు మొగుడూ పెళ్లాలు.

మళ్లీ ఎండలు ముదిరాయి. పెద్దింటి ముసలమ్మ ఓబుళమ్మ ఒక ఉదయాన నిద్రలోనే పోయింది. కాసేపటికి పెద్దింటి పాలేరు ఓబిలేష్ వచ్చి, నారాయణప్పన్న రమ్మంటున్నాడని చెప్పాడు. నారాయణప్ప ఓబుళమ్మ పెద్దకొడుకు. ఇమ్మానుయేలు తండ్రిని చంక కింద చెయ్యేసి నడిపించుకుంటూ తీసుకుపోయాడు. పెద్దింటి ముందర షామియానా కడుతున్నారు.

"ఏమిరా నల్లప్పా, నడుస్తావా?" అన్నాడు నారాయణప్ప. నల్లప్ప కంటే పాతికేళ్లయినా చిన్నవాడు.

"నడుస్తా సామీ."

"కాలు ఈడుస్తాండావు గదరా. నీ కొడుకుండాడు గదా, వాణ్ణి పంపీ."

"వాడు ఈ వూరోడు కాదు సామీ, కదిరోడు. వానికి మాట రాదు."

"రాకుంటే నేర్పు. అదేమన్నా పెద్ద సదువా?"

"నేనే పోతా సామీ. ముందు రెండూర్లు చెప్పేసి, పొద్దు గూకకముందే పుట్టింటోళ్లకు చెప్పేస్తా." అంటూనే నల్లప్ప ఊతకర్ర అందుకున్నాడు. ఓబుళమ్మ పుట్టింటివాళ్లు కోక తెచ్చి కప్పనిదే శవం లేవదు. వాళ్ల ఊరు అన్నిటికంటే దూరం.

ఇమ్మానుయేలు తండ్రికి అడ్డంగా ముందుకొచ్చాడు. "అన్నా, అందరికీ ఫోన్లు చేసేసినారు గదన్నా. మళ్లా మనిషెందుకు?" అనేశాడు. కట్టెలు దింపుతున్నవాళ్లు ఆగిపోయారు. పెద్దింటాయనను 'సామీ' అనకుండా 'అన్నా' అన్నవాడు ఆ గేరి నుంచి అప్పటిదాకా లేడు.

నారాయణప్ప కోప్పడలేదు. ఆ ఇంట్లో కోప్పడేవాళ్లు లేరు, అదే వచ్చిన చిక్కు. "ఫోన్ చేసింది నేనే గదప్పా," అన్నాడు మెల్లగా. "అట్లయితే నేను పోయి వాళ్ల గడప ముందర చెప్పులిడిసి నిలబడల్లంటావా?"

దానికి ఇమ్మానుయేలు దగ్గర జవాబు ఉంది. తండ్రి చెయ్యి వాడి మోచేతిని నొక్కి పట్టుకునేసరికి ఆ జవాబు నోట్లోనే ఉండిపోయింది. గేరిలో అందరికీ సుంకప్ప సంగతి తెలుసు. వెనక ఒక చావుకు తప్పెట కొట్టనన్నాడు సుంకప్ప. ఎవరూ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. గేరి నుంచి రోడ్డుకు వచ్చే బాట పెద్దింటి చేన్లో ఉంది. దానికి అడ్డంగా తుమ్మకంప వేశారు, అంతే. పిల్లలకు బడి లేదు, కూలికి పోయే దారి లేదు, కాన్పుకు పోయే దారి లేదు. చివరికి సుంకప్ప కాళ్లు పట్టుకున్నది గేరివాళ్లే, పోయి కొట్టప్పా నీకు పుణ్యముంటాది అని. వాడు పోయి తప్పెట కొట్టాడు. కొట్టి, పెళ్లాం బిడ్డలతో బెంగళూరు బస్సెక్కాడు, మళ్లీ ఈ ఊరి ముఖం చూడలేదు.

"ఆటోలో తీస్కపోతా నాయనా," అన్నాడు ఇమ్మానుయేలు బయటికి వచ్చాక. "ఈ ఎండకు నువ్వు నడిస్తే చస్తావు."

నల్లప్ప తన ఎడమకాలి వైపు, ఎండ వైపు చూసుకున్నాడు. "ఊరి బయటే ఆపల్ల," అన్నాడు చివరికి. "ఆడ నుంచి నేను నడుస్తా. నువ్వు దిగొద్దు. ఏమైనా కానీ, నేను పడిపోనీ, ఏనుగొచ్చి తొక్కనీ, నువ్వు ఆటో దిగొద్దు. నా మీద ఒట్టెయ్యి."

ఇమ్మానుయేలు ఒట్టేశాడు. ముసలివాడి తృప్తికి వేసిన ఒట్టది.

మొదటి ఊరి పొలిమేరలో ఆటో ఆపాడు. నల్లప్ప దిగి, కాలు ఈడ్చుకుంటూ, మట్టిలో ఒక గీత గీసుకుంటూ పోయాడు. అంత దూరం నుంచి ఇమ్మానుయేలుకు మాటలు వినపడలేదు. ఒక ఇంటి ముందర తండ్రి తువ్వాలు తీసి వట్టి తలతో ఎండలో నిలబడటం కనిపించింది. కదిరికి వచ్చి తనను భుజాలెక్కించుకుని తిప్పినప్పుడు తాను పట్టుకున్న తల అది. వాడు చూడలేక ముఖం తిప్పుకున్నాడు. వెంటనే ఆడవాళ్ల ఏడుపు లేచింది. పొద్దున్నుంచి దాచిపెట్టుకుని కూర్చున్నారు కాబోలు, మహా జోరుగా ఏడ్చారు.

తిరిగొచ్చి ఆటోలో కూలబడ్డాక నల్లప్ప తువ్వాలు విప్పి, జొన్నలన్నీ దారిపొడుగునా బయటికి జల్లేశాడు.

"ఎందుకు పారేస్తాండావు నాయనా? అంత కష్టపడి తెచ్చి?"

"మీయమ్మ వండింది, నేను తిన్నా. అప్పుడు గతిలేదు. నీ పెళ్లాం వండగూడదు." ఒక్క గింజ కూడా లేకుండా తువ్వాలు దులిపి, "ఇంగ రెండూర్లు. ఇదే ఆఖరు. ఇంగోసారి ఆ ఇంట్లో పీనుగ లేసేలోపల నేను పోతా. అంతటితో సరి," అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం చూసి ఇమ్మానుయేలు చూపు దారి మీదికి తిప్పుకుని ఆటో వేగం పెంచాడు.

రెండో ఊళ్లో చాలాసేపు నిలబెట్టారు. ఆ ఇంటి పెద్ద స్నానానికి పోయాడట. ఆయన వచ్చేదాకా కబురు చెప్పడానికి వీల్లేదు. నీడలోకి రమ్మని ఎవరూ అనలేదు, తానుగా నీడలోకి పోవడం నల్లప్పకు తెలియదు. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి, చెమట పట్టడం ఆగిపోయింది. సీసాలో ఉన్న నీళ్లన్నీ ఇమ్మానుయేలు ఆయన నోట్లో పోశాడు, మిగిలిన చుక్కలు నెత్తిన చల్లాడు. కదిరి ఆసుపత్రికి పోదాం నాయనా అంటే, ముసలివాడు ఊతకర్రతో వాడి డొక్కలో పొడిచాడు. "పో ముందుకు. నువ్వు నన్ను వెనక్కి తిప్పుకపోతే వాళ్లు నిన్ను పిలుస్తారు."

మూడోది ఓబుళమ్మ పుట్టినూరు. బీళ్ల మీది దారి, చెట్టు లేదు, చేమ లేదు. ఊరి బయట ఆటో ఆపితే నల్లప్ప దిగి, రెండు చేతులా పట్టుకున్నట్టు కర్రను ఒక్క చేత్తోనే బిగించి నడిచాడు. వీధి చివర పెద్ద అరుగుల ఇల్లు. ఆ అరుగుల మీద ఆడవాళ్లు జుట్టు విప్పుకుని సిద్ధంగా కూర్చున్నారు. నల్లప్పను చూడగానే ఒకామె చూస్తున్న ఫోను పక్కన బోర్లించింది. ఆయన చెప్పులు విడిచాడు. తువ్వాలు తీశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. నోరు ఒక పక్కకు వంకరపోయింది, మనిషి నిలువునా మెట్ల ముందర పడిపోయాడు.

ఇంక ఒట్టేమిటి, గిట్టేమిటి! ఇమ్మానుయేలు ఆటో దిగి పరుగెత్తాడు.

తండ్రి తల ఒళ్లో పెట్టుకుంటే పెనంలా కాలుతోంది. "రోంత నీళ్లన్నా," అన్నాడు అరుగు వైపు చూసి.

అరుగు మీద ఓబుళమ్మ తమ్ముడు చౌడప్ప కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, నెమ్మదైన మనిషి, రామకోటి రాసే మనిషి. "ఇస్తామప్పా, నీళ్లకేం కరువు," అన్నాడు. "కబురు పడనీ. సావు మాట గడప ముందర నిలబడుంటే ఇంట్లో నుంచి చెంబు బయటికి రాగూడదు. నేను పెట్టిన పద్ధతి కాదు ఇది, మా తాతలది."

"ఆయమ్మ పోయిందని నీకు తెల్సు గదన్నా. పొద్దున్నే తెల్సు గదా."

"తెల్సు. తెలిసేది వేరు, చెప్పించుకునేది వేరు."

"మా నాయన మాట్లాడలేడన్నా. నోరు పడిపోయింది, చూడు."

"నీకు నోరుంది గదా."

ఇమ్మానుయేలు చుట్టూ చూశాడు. వీధిలో ప్రతి గడపలోనూ మనుషులున్నారు. అన్నీ చౌడప్ప చుట్టాల ఇళ్లే. ఒక కోడలుపిల్ల చెంబు పట్టుకుని రెండడుగులు ముందుకు వేసింది. అత్త కాబోలు, భుజం పట్టి వెనక్కి లాగింది. వీధి కుళాయి తిప్పి చూస్తే బుస్సుమని గాలి వచ్చింది. తిరిగి వచ్చి తండ్రిని చేతుల మీదికి ఎత్తుకుని ఆటో వైపు నడిచాడు. ఆటో దగ్గర చౌడప్ప మనిషి ఒకడు నిలబడి, తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు.

చౌడప్ప అరుగు దిగి వెనకే వచ్చాడు. "ఆలోచించప్పా," అన్నాడు ఓర్పుగా. "కబురు పడకుండా మేం కదలం. మేం పోందే ఆడ శవం లేయదు. ఎండలు చూస్తే ఇట్లుండాయి. పాపం ఒక ముసిల్దాని శవం కుళ్లబెడతావా నువ్వు? ఒక్క మాట గదా. నోరు అరిగిపోతాదా?"

చూశారా ఎంత బాగా మాట్లాడాడో! చచ్చిపోతున్నది నల్లప్ప, పాపం మాత్రం ఇమ్మానుయేలుది. ఇలాంటి మనుషులు కర్ర పట్టుకోరు, గొంతు పెంచరు. వాళ్లకు ఆ అవసరం రాదు.

ఇమ్మానుయేలు తండ్రిని మళ్లీ ఆ మెట్ల ముందరికే మోసుకొచ్చి, ఒళ్లో పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు నల్లప్ప కళ్లు తెరిచాడు. కుడిచేత్తో కొడుకు చొక్కా కాలరు పట్టుకుని కిందికి లాగాడు. వంకర నోట్లోంచి గురగుర శబ్దం తప్ప మాట లేదు. తల మాత్రం అటూ ఇటూ ఆడిస్తున్నాడు. చెప్పొద్దు, చెప్పొద్దు అని. నన్ను సావనీ అని. అర్థం కాలేదని ఇమ్మానుయేలు తర్వాత ఎప్పుడూ అనలేకపోయాడు. పూర్తిగా అర్థమైంది. కానీ తండ్రి ఊపిరి తన ముఖానికి తగులుతోంది, అది సన్నబడుతోంది. ఏ కొడుకు చూస్తూ కూర్చుంటాడు?

"ఓబుళమ్మ పోయింది. మట్టికి రండి," అన్నాడు గబగబా.

చౌడప్ప మళ్లీ అరుగెక్కి కూర్చున్నాడు. "అట్లా కాదు. రండి పోండి అని పిలిచేదానికి నువ్వేమన్నా మా వియ్యంకునివా? చెప్పులిడువు."

ఇమ్మానుయేలు చెప్పులు విడిచాడు. బండలు అరికాళ్లను కాల్చాయి.

"ఎవరు చెప్తాండేది, అది ముందు చెప్పల్ల. మీ కాళ్ల కిందోణ్ణి సామీ, అను."

"మీ కాళ్ల కిందోణ్ణి సామీ."

"పెద్దింటి వెట్టోణ్ణి వచ్చినా."

ఒళ్లో తండ్రి చెయ్యి కాలరును ఇంకా లాగుతూనే ఉంది.

"పెద్దింటి వెట్టోణ్ణి వచ్చినా."

పంతులు పెళ్లిమంత్రం పలికించినట్టు చౌడప్ప ఒక్కో ముక్కా అందిస్తూ పోయాడు. మీ ఆడబిడ్డ ఓబుళమ్మ పోయినాది. మట్టికి రావల్ల. తప్పు పలికినచోట ఓపిగ్గా దిద్దాడు. చివరి మాట అయీ కాకముందే అరుగుల మీద ఆడవాళ్లంతా ఒక్కసారి గుండెలు బాదుకున్నారు. ఒకామె చాటతో జొన్నలు తెచ్చింది. వాడికి తువ్వాలు లేదు. "మీ నాయనది పట్టు," అన్నారెవరో. తండ్రి భుజం కింద నలిగిన తువ్వాలు లాగి పట్టాడు, గింజలు పడ్డాయి.

అప్పుడు చెంబు వచ్చింది. చల్లటి నీళ్లు. పైనుంచి ధారగా పోస్తుంటే ఇమ్మానుయేలు దోసిలి పట్టి తండ్రి నోటికి ఆనించాడు. నల్లప్ప పళ్లు బిగించాడు. నీళ్లు గడ్డం మీదుగా కారి మెడలోకి పోయాయి. "తాగు నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా తాగు," అని కొడుకు ఏడుస్తున్నాడు. ముసలివాడు కొడుకు ముఖం చూడకుండా ఆకాశం చూశాడు. నీళ్లు ముఖాన, తలన, గుండెల మీద పోశారు. ఒళ్లు మాత్రం కాస్త చల్లబడింది.

తాళంచెవి ఇచ్చేశారు. దారి ఇచ్చారు. ఒకాయనైతే ఆటో తొయ్యడానికి సాయం కూడా పట్టాడు.

కదిరి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు నల్లప్ప బతికాడు. ఓబుళమ్మను ఘనంగా సాగనంపారని, పుట్టింటివాళ్లు పట్టు కోక తెచ్చారని ఆసుపత్రికి వచ్చినవాళ్లు చెప్పారు. ఇమ్మానుయేలు చెప్పిన కబురు గురించి కూడా చెప్పుకున్నారు. పెద్దింట్లో అందరూ మెచ్చుకున్నారట, పద్ధతి తెలిసిన పిల్లోడని.

"నువ్వు చెప్పకపోయింటే మామ ఉండేటోడు కాదు," అని రెబెకా మొగుడికి రోజుకు పదిసార్లు చెప్పింది. అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకునే ఇమ్మానుయేలు తిండి తిన్నాడు, నిద్రపోయాడు.

ఇంటికి తెచ్చాక కొన్నాళ్లకు నల్లప్పకు మాట కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. ఇమ్మానుయేలు గ్లాసుతో నీళ్లు అందించబోతే, తీసుకోకుండా చూశాడు.

"నీళ్లకు పోతివి గదరా," అన్నాడు.

"నీ నీళ్లకే గద నాయనా."

"నేనడిగినానా? ఆడ నేను పోయింటే తెగిపోతాండె. నా పీనుగతో తెగిపోతాండె." ఊపిరి అందక ఆగాడు. "మా నాయనకు జొరమని నేను పోతిని. నేను పడితినని నువ్వు పోతివి. ఇట్లనే గదరా ఇది బతికేది. మన్నెవురూ కొట్టి చేయించలేదు. నాయనల మీద ప్రేమతోనే చేయించినారు."

ఇమ్మానుయేలు గ్లాసు నేల మీద పెట్టాడు. తప్పయిపోయింది నాయనా అనలేదు. మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ అదే చేస్తానని వాడికి తెలుసు, ఆ తెలివిడికే ఎక్కువ ఏడుపు వచ్చింది. రెబెకాతో, మామూలుగా లేచి తిరిగితే చాలు, ముసలాయన్ని కూడా తీసుకుని కదిరికే పోదాం అన్నాడు. డాక్టరు మాత్రం అప్పుడే కదల్చొద్దన్నాడు.

వానలు రాలేదు. వేరుశనగ విత్తనాలు మూటల్లోనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం గుడిసె బయట ఓబిలేష్ గొంతు వినిపించింది.

"ఇమ్మానుయేలూ. నారాయణప్పన్న చిన్నాయన పోయినాడు. రమ్మంటాండాడు."

ఇమ్మానుయేలు గడప లోపలే నిలబడ్డాడు. "ఆటో చెడిపోయిందన్నా. నాకు ఒంట్లో కూడా బాగలేదు."

"ఆటోతో పనేముండాది, నడిసి పోయేదే గదా పద్ధతి." ఓబిలేష్ చెడ్డవాడు కాదు, చెప్పమన్నది చెప్పేవాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బాట పక్కన కంప కొట్టి పెట్టినారప్పా. మళ్లా మీ నాయన్ని ఆసుపత్రికి తీస్కపోవల్ల గదా నువ్వు, ఊరికే చెప్తాండా."

లోపల మంచం కిర్రుమంది. నల్లప్ప మోచేతి మీద లేస్తున్నాడు. "నేనొస్తాండా," అన్నాడు. "రోంతసేపుండప్పా ఓబిలేషూ, నేనొస్తాండా. కర్ర ఇయ్యమ్మా రెబెకా."

ఓబిలేష్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. అతని ముఖంలో నిజంగానే జాలి ఉంది. "నువ్వు పండుకోప్పా. నీకింగ విడుదలయిపోయింది. నల్లప్పకు ఇంగ ఏ పనీ చెప్పగూడదని అన్న మాకందరికీ చెప్పినాడు. పాపం శానా చేసినాడు, హాయిగా ఉండనీండని చెప్పినాడు."

నల్లప్ప కాలు కింద పెట్టబోయి మంచం మీది నుంచి జారిపడ్డాడు. రెబెకా పట్టుకునేలోపలే కుడిచెయ్యి చాచి కొడుకు చీలమండ అందుకున్నాడు. పక్షవాతం తాకని చెయ్యది, ఉన్న బలమంతా అందులోనే ఉంది. పట్టుకున్నాడంతే.

ఓబిలేష్ ముఖం అటు తిప్పుకుని బీడీ ముట్టించాడు. ఇమ్మానుయేలు గుమ్మంలోంచి బాట వైపు చూశాడు. తర్వాత వంగి, తండ్రి వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు. "పొద్దు గూకేలోపల వస్తా నాయనా," అని చెప్పి, చిలక్కొయ్యకు ఉన్న తువ్వాలు తీసుకుని బయటికి నడిచాడు.